సైన్స్ రానివాళ్ళకు సైన్స్ ఫిక్షన్ ఎక్కుతుందా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీరు చదివింది బీఏ. ఆఫీసులో మీ పక్క సీట్ల వాళ్ళందరికీ సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం. వాళ్ళ మాట మీద 'ఫౌండేషన్' యాభై పేజీలు, 'ద త్రీ బాడీ ప్రాబ్లమ్' నలభై పేజీలు చదివి పక్కన పెట్టేశారు. 'ఇంటర్‌స్టెల్లార్' సినిమా సగంలో నిద్ర పట్టేసింది. "సైన్స్ రాదు కాబట్టే నాకు ఎక్కడం లేదా సార్? ఇలాంటి ఇష్టం నేర్చుకుంటే వస్తుందా?" అని అడిగారు.

వస్తుంది. చిన్నప్పుడు కంచంలో కాకరకాయ వేపుడు చూసి మొహం తిప్పుకున్నవాళ్ళం, పెద్దయ్యాక అదే అడిగి మరీ వేయించుకుంటాం కదా. నేను తెలుగు ఎం.ఏ. ముప్పై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతున్నాను. సైన్స్ పాఠాలతో నా సంబంధం పదో తరగతి పరీక్షలతోనే తీరిపోయింది. అయినా గత పాతికేళ్ళలో నేను ఇష్టంగా చదివిన కథల్లో సగం సైన్స్ ఫిక్షనే. కాబట్టి సైన్స్ రాకపోవడం అడ్డంకి అనే మాటను మొదట పక్కన పెట్టేయండి. అడ్డంకి వేరే ఉంది. దాని దగ్గరికి రావాలంటే నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి.

1980 ఫిబ్రవరి 16. మాది నల్గొండ. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మా నెత్తి మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా ఆ దారిలోనే ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు పరికరాలు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. మా ఇంట్లో మాత్రం మధ్యాహ్నం నుంచే తలుపులు బిగించారు. కడుపుతో ఉన్న మా చిన్నమ్మను కదలొద్దని పడుకోబెట్టారు. పచ్చడి జాడీల మీద, నీళ్ళ బిందెల మీద దర్భ పోచలు వేశారు. కిటికీ సందులోంచి చూద్దామని నేను లేస్తే నాయనమ్మ రెక్క పట్టి కూర్చోబెట్టింది. నాలుగు కావస్తుండగా పెంకుల సందుల్లోంచి పడే వెలుతురు పలచబడుతూ పలచబడుతూ ఆరిపోయింది. బయట కోళ్ళు గూటికి చేరుతున్న చప్పుడు. ఎక్కడో కుక్క ఏడ్చింది. తర్వాత వీధి వీధంతా ఊపిరి బిగబట్టినట్టు అయిపోయింది. కొన్ని నిమిషాలకు మళ్ళీ వెలుతురు వచ్చింది. "వదిలింది నాయనా" అని నాయనమ్మ దండం పెట్టుకుంది. అది గ్రహణమని, కాసేపట్లో పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ గంటకు వస్తుందో పంచాంగంలో ఉంది. అయినా అందరికీ భయమే. తెలిసి కూడా ఎందుకు భయం అనే ప్రశ్న నాతోనే పెరిగింది.

ఇరవై ఏళ్ళ తర్వాత ఒక ఆదివారం హైదరాబాదులో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక ఇంగ్లీషు కథల సంకలనం దొరికింది. అందులో ఐజాక్ అసిమోవ్ 1941లో రాసిన 'నైట్‌ఫాల్' ఉంది. ఒక గ్రహం. దానికి ఆరు సూర్యులు. ఎప్పుడూ ఏదో ఒక సూర్యుడు ఆకాశంలో ఉంటాడు కాబట్టి అక్కడి మనుషులకు రాత్రి అంటే ఏమిటో తెలియదు. దీపం కనిపెట్టాల్సిన అవసరమే వాళ్ళకు రాలేదు. కానీ 2,049 ఏళ్ళకు ఒకసారి అయిదుగురు సూర్యులు అస్తమించి, మిగిలిన ఒక్కడికీ గ్రహణం పడుతుంది. లెక్క కట్టిన శాస్త్రవేత్తలు అబ్జర్వేటరీలో కూర్చుని ఎదురుచూస్తుంటారు. ప్రతి 2,049 ఏళ్ళకూ తమ నాగరికత ఎందుకు తగలబడిపోతోందో వాళ్ళకు అప్పుడప్పుడే అర్థమవుతోంది.

ఆ కథ చదువుతున్నంత సేపూ నాకు మా పెంకుటింటి చీకటి గదే కనిపించింది. వాళ్ళు చీకటికి భయపడి వెలుతురు కోసం చేతికందిందల్లా తగలబెడతారు, మేం భయపడి తలుపులు మూసుకున్నాం. పన్నెండేళ్ళ వయసులో నాకు పట్టుకున్న ప్రశ్నను ఒక రచయిత ఆరు సూర్యులను నిలబెట్టి అడిగాడు. ఇంట్లో నాయనమ్మను అడిగినా, బళ్ళో మాస్టారిని అడిగినా దొరకని జవాబు వైపు ఆ కథ వేలు చూపించింది. ఆ రాత్రి డాబా ఎక్కి చాలాసేపు చుక్కలు చూశాను. రోజూ ఉండేవే. వాటిని ఎప్పుడూ చూడని మనిషి మొదటిసారి తలెత్తితే ఎలా ఉంటుందో తలుచుకుంటూ చూశాను.

సైన్స్ ఫిక్షన్ చేసే పని ఇదే. ఒక్క అబద్ధాన్ని ఒప్పుకోమంటుంది. ఆ తర్వాత అణా పైసలతో లెక్క అప్పజెబుతుంది. ఆరు సూర్యులు ఉన్నారనుకో, అప్పుడు మనుషులకు ఏ భయాలుంటాయి, ఏ మతాలు పుడతాయి, పత్రికల వాళ్ళు ఏం రాస్తారు, ఎవరు ఎవరిని వెక్కిరిస్తారు. డార్కో సువిన్ అనే విమర్శకుడు ఆ ఒక్క కొత్త విషయానికి 'నోవమ్' అని పేరు పెట్టాడు. పేరు గుర్తుండకపోయినా పర్లేదు. "అలా అయితే?" అనే ప్రశ్న గుర్తుంటే చాలు.

ఈ ప్రశ్న మనకు కొత్తదీ కాదు. 'చందమామ'లో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళం. భర్తా, అతని తోడు వచ్చినవాడూ అమ్మవారి గుడిలో తలలు నరుక్కుంటారు. దేవి వరమిస్తే ఆ భార్య కంగారులో ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతికిస్తుంది. ఇద్దరూ లేచి నిలబడతారు. ఇప్పుడు ఆమెకు భర్త ఎవరు? తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. సర్వస్య గాత్రస్య శిరః ప్రధానం అని విక్రమార్కుడు తల వైపే తీర్పు చెప్పాడు. మనిషి జ్ఞాపకాలను యంత్రంలోకి ఎక్కిస్తే ఆ యంత్రం ఆ మనిషేనా అని ఇవాళ రాస్తున్న కథలన్నీ ఆ శవాన్నే భుజాన మోస్తున్నాయి. బేతాళుడి ప్రశ్నకు తల గోక్కుని ఆలోచించిన మనిషికి ఈ సాహిత్యం కోసం కావలసిన బుర్ర ఉన్నట్టే.

ఒక తేడా మాత్రం ఉంది. భాగవతం తొమ్మిదో స్కంధంలో కకుద్మి అనే రాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, ఆమెకు తగిన వరుడెవరో అడుగుదామని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గానం జరుగుతుంటే కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమి మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోతాయి. అతను మనసులో అనుకున్న వరులూ లేరు, వాళ్ళ మనవలూ లేరు. ఎంత అద్భుతమైన ఊహ! అయితే కాలం అక్కడ ఎందుకు నెమ్మదిగా నడిచిందని ఆ కథ అడగదు, అడగాల్సిన పనీ లేదు. బ్రహ్మలోకం కాబట్టి అంతే. సైన్స్ ఫిక్షన్ అలా వదిలెయ్యదు, కారణం ఏదో ఒకటి చూపించి తీరాలి. ఈ తేడాను పట్టించుకోకుండా పురాణాల్లో ఐన్‌స్టీన్‌ను వెతికేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అలా వెతికితే పురాణమూ చిన్నబోతుంది, సైన్సూ చిన్నబోతుంది.

ఇంకో అపోహ కూడా తీసెయ్యాలి. సైన్స్ ఫిక్షన్ అంటే బ్రహ్మంగారి కాలజ్ఞానం లాంటిదని, ముందు జరగబోయేది చెబుతుందని, నిజమైతే గొప్పదని చాలామంది అనుకుంటారు. ఆర్థర్ సి. క్లార్క్ సంగతే చూడండి. 1956 నుంచి 2008లో పోయేదాకా మన పక్కనే శ్రీలంకలో ఉన్నాడు. భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట నిలిచినట్టుండే ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతా ప్రసారాలు చెయ్యొచ్చని 1945లోనే ఒక వ్యాసం రాశాడు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అలాంటి ఉపగ్రహం ద్వారానే ఇస్రో, నాసా కలిసి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ చూపించాయి. కొలంబోలో క్లార్క్ ఇంటికి కూడా ఇస్రో ఇంజనీర్లు ఒక డిష్ బిగించి వచ్చారు. కానీ అదే వ్యాసంలో ఆ ఉపగ్రహాల్లో మనుషులు ఉండాలని ఆయన అనుకున్నాడు, ఎందుకంటే అప్పటి రేడియో వాల్వులు కాలిపోతుంటాయి, మార్చేవాళ్ళు కావాలి. రెండేళ్ళ తర్వాత ఆ వాల్వుల చోటు ఆక్రమించే ట్రాన్సిస్టర్ రాబోతోందని అంత పెద్ద బుర్రకూ తెలియలేదు. జోస్యం కోసం చదివితే ఆయనకు సగం మార్కులే. కక్ష్య దొరికాక దాంతో మనుషులు ఏం చేస్తారా అని అంత శ్రద్ధగా ఆలోచించాడే, చదవాల్సింది ఆ శ్రద్ధ కోసం.

ఇక అసలు అడ్డంకి దగ్గరికి వస్తాను. పదిహేనేళ్ళ కిందట నేను పనిచేసిన కాలేజీలో శనివారం చివరి పీరియడ్ ఖాళీ. పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చదివి వినిపించేవాణ్ణి. ఇంగ్లీషు కథైతే అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవాణ్ణి. ఒక శనివారం రే బ్రాడ్‌బరీ 1954లో రాసిన 'ఆల్ సమ్మర్ ఇన్ ఎ డే' చెప్పాను. శుక్రగ్రహం మీద ఎడతెగని వాన. ఏడేళ్ళకు ఒకసారి రెండు గంటలు మాత్రం సూర్యుడు కనిపిస్తాడు. బళ్ళో పిల్లలందరికీ తొమ్మిదేళ్ళు, ఎవరికీ ఎండ గుర్తులేదు. మార్గో అనే పిల్ల ఒక్కతే భూమి నుంచి వచ్చింది, ఆమెకు గుర్తుంది. ఎండ ఎలా ఉంటుందో చెబుతుంది. అది మిగతా పిల్లలకు గిట్టదు. సూర్యుడు రాబోతున్న రోజు ఆమెను ఒక చీకటి గదిలోకి నెట్టి తలుపు వేసేస్తారు.

కథ అవ్వగానే ఎంపీసీ కుర్రాడొకడు లేచాడు. "సార్, శుక్రుడి మీద వాన నేలకే చేరదు. అక్కడ వేడి 460 డిగ్రీలు. సీసం కరిగిపోతుంది." వాడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. 1962లో మారినర్-2 అనే అంతరిక్ష నౌక శుక్రుడి పక్కగా వెళ్ళినప్పుడే ఆ వేడి సంగతి తేలిపోయింది. వాడికి శభాష్ చెబుతుండగా చివరి బెంచీలో హెచ్ఈసీ అమ్మాయి ఒకతి వెక్కి వెక్కి ఏడవడం చూశాను. క్లాసు అయ్యాక వచ్చి చెప్పింది. "మా హాస్టల్‌కు కొత్తగా వచ్చిన అమ్మాయిని మేం బాత్రూంలో పెట్టి గడియ పెట్టాం సార్. ఊరికే, ఆటకు."

ఆ రోజు నుంచీ నేను చెబుతున్నది ఒకటే. సైన్స్ ఫిక్షన్ చదవాలంటే మనలో ఆ కుర్రాడూ ఉండాలి, ఆ అమ్మాయీ ఉండాలి. మీ ఆఫీసు స్నేహితులు మీకు చూపించింది బహుశా ఒక్క కుర్రాడినే. లెక్కలు, బ్లాక్‌హోళ్ళు, క్వాంటమ్ మాటలు. దాంతో సైన్స్ రాని మీకు ఇక్కడ చోటు లేదనిపించింది. ఎండను దాచేసి ఒక పసిపిల్లను ఏడిపించిన కథ అర్థం కావడానికి మీకు ఏ డిగ్రీ కావాలి చెప్పండి? ముందు ఆ అమ్మాయిలా చదవడం మొదలుపెట్టండి. కుర్రాడు నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చుంటాడు.

వాడు వచ్చాక కలిగే ఆనందమూ తక్కువది కాదు. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో సోవియట్ పుస్తకాలు దొరికే రోజుల్లో యాకొవ్ పెరెల్మాన్ 'నిత్యజీవితంలో భౌతికశాస్త్రం' తెలుగులోనే వచ్చింది. మీర్ ప్రచురణ. పాత పుస్తకాల దుకాణంలో కనబడితే కళ్ళకద్దుకుని కొనండి. జూల్ వెర్న్ 1865 నాటి నవలలో మనుషుల్ని గుండులో కూర్చోబెట్టి ఫిరంగితో చంద్రుడి మీదికి పేలుస్తాడు కదా, ఆ ప్రయాణికులకు ఏమవుతుందో పెరెల్మాన్ లెక్క వేసి చూపిస్తాడు. మీరూ వెయ్యొచ్చు. ఫిరంగి పొడవు 900 అడుగులు, అంటే సుమారు 274 మీటర్లు. ఆ కొంచెం దూరంలోనే సెకనుకు 11 కిలోమీటర్ల వేగం రావాలి. అలా వస్తే లోపల ఉన్న మనిషి తన బరువుకు ఇరవై వేల రెట్లకు పైగా బరువుతో నేలకు అతుక్కుపోతాడు. 60 కిలోల మనిషి 1,200 టన్నులు దాటతాడు. హెచ్.జి. వెల్స్ నవలలోని అదృశ్య మనిషి సంగతీ అంతే. కంటి రెటీనా కూడా పారదర్శకమైతే వెలుతురు దానిలోంచి దూసుకుపోతుంది, బొమ్మ పడదు, పాపం ఆ మనిషి గుడ్డివాడైపోతాడు. ఈ లెక్కలు చదివాక నాకు వెర్న్ మీద, వెల్స్ మీద గౌరవం పెరిగింది. తప్పును పట్టుకోగలిగేంత నిక్కచ్చిగా రాశారు కాబట్టే కదా పట్టుకోగలిగాం! హెర్మన్ ఓబెర్త్ చిన్నతనంలో వెర్న్‌ను చదివి, ఫిరంగితో కుదరదని తేల్చుకుని, రాకెట్ల వైపు తిరిగాడు. తర్వాత ఆ విద్యకు ఆద్యుల్లో ఒకడయ్యాడు.

తెలియని మాటల గురించి ఒక సలహా. రాబర్ట్ హైన్‌లైన్ ఒక నవలలో తలుపు 'తెరుచుకుంది' అనే చోట కనుపాపలా విచ్చుకుందని అర్థం వచ్చే మాట వాడి ముందుకు వెళ్ళిపోతాడు. వివరించడు. ఆ గదిలో ఉన్న పాత్ర ఆశ్చర్యపోదు కాబట్టి ఆ లోకంలో తలుపులన్నీ అలాగే ఉంటాయని మనం గ్రహించుకోవాలి. ఇది మామూలు నవల చదివినట్టు కాదు. కొత్త కోడలు అత్తింట్లో మొదటి వారం ఎలా ఉంటుంది? ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ గిన్నె దేనికో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. చూస్తుంటుంది, వింటుంటుంది, పది రోజుల్లో ఇల్లు తనదైపోతుంది. మీరూ మొదటి ఇరవై పేజీలు అలా ఉండండి. తెలియని మాట దగ్గర ఆగి ఫోనులో వెతకొద్దు. అర్థం కానిది అర్థం కాకుండానే మోసుకుంటూ వెళ్ళండి.

మన దగ్గరి బతుకుతో తాకించి చదవడం కూడా నేర్చుకోవాలి. 'రోబో' అనగానే మనకు ఇనుప మనిషి గుర్తొస్తాడు. ఆ మాట పుట్టింది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యూ.ఆర్.' నాటకంలో. మాట సూచించింది ఆయన అన్న యోసెఫ్. చెక్ భాషలో 'రొబోతా' అంటే దొర పొలంలో కూలి లేకుండా చెయ్యాల్సిన పని. అంటే వెట్టి. ఆ నాటకంలో రోబోలు ఇనుముతో చేసినవి కూడా కావు, జీవపదార్థంతో తయారుచేసిన పనివాళ్ళు. చాకిరీ చేసి చేసి చివరికి తిరగబడతారు. వెట్టిచాకిరీ మీద తిరగబడ్డ నల్గొండ జిల్లాలో పుట్టిన నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఒళ్ళు గగుర్పొడిచింది. కృత్రిమ మేధ మన ఉద్యోగాలు లాక్కుంటుందా అని ఇవాళ అందరూ అడుగుతున్నారు. ఆ మాట తల్లివేరులో ఉన్న ప్రశ్న వేరు: ఎవరి చాకిరీ మీద ఎవరు కూర్చుని తింటున్నారు? ఆ నాటకం మన ఊళ్ళలో ఆడితే జనానికి వివరించాల్సిన పనే ఉండదని నా నమ్మకం.

ఇప్పుడు మీరు మధ్యలో వదిలేసిన వాటి సంగతి.

'ఇంటర్‌స్టెల్లార్'ను మీరు ఫిజిక్స్ పాఠంలా చూసి ఉంటారు. అందులో బ్లాక్‌హోల్ పక్కనున్న ఒక గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమి మీద ఏడేళ్ళు గడుస్తాయి. తండ్రి అక్కడి నుంచి ఓడకు తిరిగొచ్చేసరికి ఇరవై మూడేళ్ళు దాటిపోతాయి. పిల్లలు పంపిన వీడియోలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తాడు. కొడుకు పెళ్ళి చేసుకుంటాడు, తండ్రవుతాడు, ఇక రావులే అని ఆశ వదులుకుంటాడు. కూతురికి తండ్రి వయసొచ్చేస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ వైపు మీకు చుట్టాలుంటే ఈ కథ మీకు ముందే తెలుసు. చంటిపిల్లను వదిలి దుబాయి పోయి, అప్పు తీర్చి తిరిగొచ్చేసరికి ఆ పిల్ల ఎవరో కొత్త మనిషి వచ్చాడనుకుని తలుపు చాటుకు పోయిన ఇళ్ళు ఎన్ని లేవు! బ్లాక్‌హోల్ ఆ దూరాన్ని పెద్దది చేసి చూపించింది. కిప్ థోర్న్ అంతటి శాస్త్రవేత్త వెనకుండి సరిచూసిన లెక్క చివరికి ఒక తండ్రి కన్నీటికే పనికొచ్చింది. మళ్ళీ చూడండి, ఈసారి ఆ వీడియోల ఘట్టం దాకా మెలకువగా ఉండండి.

'ఫౌండేషన్' యాభై పేజీల దగ్గర ఎందుకు ఆపారో ఊహించగలను. అప్పటిదాకా మీకు పరిచయమైన గాల్ డోర్నిక్ అక్కడ మాయమైపోతాడు, కథ యాభై ఏళ్ళు దూకుతుంది. అది నవలగా పుట్టింది కాదు. 1942 నుంచి పత్రికలో విడివిడి కథలుగా వచ్చింది, 1951లో పుస్తకంగా కుట్టేటప్పుడు మొదటి భాగం కొత్తగా రాసి చేర్చారు. కాబట్టి ఒక్కో భాగాన్ని ఒక్కో కథగా చదివి, మధ్యలో రెండు మూడు రోజులు వదిలెయ్యండి. రోమ్ సామ్రాజ్యం కూలిపోవడం మీద గిబ్బన్ రాసిన చరిత్ర ఆ ఊహకు మూలం. మీరు బీఏ అన్నారు కదా, చరిత్ర చదివిన మనిషికి ఆ పుస్తకం ఇంజనీరుకంటే బాగా ఎక్కాలి. అయినా మొదటి పుస్తకంగా దాన్ని ఎవరికీ ఇవ్వకూడదనే నేనంటాను. మనుషులు గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడమే ఎక్కువ.

'త్రీ బాడీ ప్రాబ్లమ్' లియు త్సిషిన్ చైనీస్‌లో రాసింది. 2014లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం 1967 నాటి సాంస్కృతిక విప్లవంతో మొదలవుతుంది. కూతురి కళ్ళ ముందే ఒక భౌతికశాస్త్ర ప్రొఫెసరును కొట్టి చంపుతారు. చైనాలో పుస్తకంగా వేసినప్పుడు ఆ అధ్యాయాలను ముందు పెట్టకుండా మధ్యలోకి జరిపారు. ఈ సంగతి తెలిశాక ఆ నలభై పేజీలు మళ్ళీ చదవండి. మనుషుల మీద నమ్మకం చచ్చిపోయిన ఒక ఆడపిల్ల తర్వాత ఏం నిర్ణయం తీసుకుంటుందనేదే కథంతా. పేర్లు కలగాపులగం అవుతాయి కాబట్టి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. వాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. యె వెన్‌జియె అంటే 'యె' వారి అమ్మాయి. అది గుర్తుంటే సగం తికమక పోతుంది.

ముందు ఏది చదవాలంటారా? నా విద్యార్థులకు మొదట ఇచ్చేది 'సుల్తానాస్ డ్రీమ్'. రుఖియా సఖావత్ హుస్సేన్ అనే బెంగాలీ ముస్లిం మహిళ ఇంగ్లీషులోనే రాసింది. 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. గురజాడ 'కన్యాశుల్కం'ను తిరగరాస్తున్న కాలం అది. ఆ కథలో మగవాళ్ళంతా పరదా వెనక ఇళ్ళలో ఉంటారు, ఆడవాళ్ళు రాజ్యం నడుపుతారు. ఆడవాళ్ళ విశ్వవిద్యాలయాలు ఒకటి మేఘాల నుంచి నీళ్ళు తీసుకుంటే, మరొకటి ఎండ వేడిని నిల్వ చేస్తుంది. వంటగదిలో పొగ ఉండదు, బొగ్గు ఉండదు, సూర్యుడి వేడితోనే వంట. సౌర విద్యుత్తును ముందే ఊహించిందని ఆ కథను పొగుడుతారు. నన్ను పట్టేసేది వేరే. పొగచూరిన వంటింటిని రోజూ చూసిన మనిషి మాత్రమే సైన్సును మొదట పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళగలదు. ఇంగ్లీషు తేలిక, పది పన్నెండు పేజీలు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక సాయంత్రం చాలు.

దాని తర్వాత బ్రాడ్‌బరీ కథ, ఆ తర్వాత 'నైట్‌ఫాల్'. ఈ మూడూ అయ్యాక టెడ్ చియాంగ్ 1998లో రాసిన 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్'. అది కొంచెం కష్టం, కానీ అందులో సైన్స్ అంటే భాషాశాస్త్రం. వేరే లోకం నుంచి వచ్చిన ప్రాణుల లిపి నేర్చుకుంటూ నేర్చుకుంటూ ఒక స్త్రీకి కాలమే వేరుగా కనిపించడం మొదలవుతుంది. వ్యాకరణం చెప్పుకుని బతికే నాకు, నా సబ్జెక్టే ఒక కథకు ప్రాణమవడం చూసినప్పుడు కలిగిన సంతోషం ఎలా చెప్పను! ఉర్సులా లెగ్విన్ కథలు కూడా అందుకే ఇష్టం. ఆమె మానవశాస్త్రవేత్త కూతురు. ఆమె గ్రహాల్లో యంత్రాల కంటే ఆచారాలు, బంధుత్వాలు, సిగ్గులు ఎక్కువ కనిపిస్తాయి.

తెలుగులో 'ఆదిత్య 369' చూసే ఉంటారు. 1991లో సింగీతం గారు మనల్ని కృష్ణదేవరాయల కొలువుకూ తీసుకెళ్ళారు, 2504కూ తీసుకెళ్ళారు. అది చూస్తున్నప్పుడు టైమ్ మెషీన్ ఎలా పనిచేస్తుందో తెలియదే అని మీరు బాధపడ్డారా? లేదు కదా. పుస్తకం తెరిచినప్పుడూ అంతే ధీమాగా కూర్చోండి.

నచ్చనివి నచ్చలేదని చెప్పే హక్కు కూడా ఉంచుకోండి. థియొడోర్ స్టర్జన్ తానే సైన్స్ ఫిక్షన్ రచయిత అయ్యుండి, ఇందులో తొంభై శాతం చెత్తేనని, ఆ మాటకొస్తే దేంట్లోనైనా తొంభై శాతం చెత్తేనని అన్నాడు. స్నేహితులు పొగిడారని నెల రోజులు పళ్ళ బిగువున చదవొద్దు. కథైతే రెండుసార్లు కూర్చుని చూడండి, నవలైతే వంద పేజీలు. కుదరకపోతే పక్కన పెట్టండి. ఐదేళ్ళ తర్వాత తీస్తే అదే పుస్తకం వేరుగా ఉండొచ్చు. క్లార్క్ నవలలు నాకు రెండోసారికి గానీ ఎక్కలేదు.

వీలైతే ఒంటరిగా చదవకండి. ఇంట్లో ఎవరికైనా కథ చెప్పండి. చదివి వినిపించమనడం లేదు, అన్నం తింటున్నప్పుడు నోటితో చెప్పండి. "ఏడేళ్ళకోసారి ఎండ వచ్చే ఊరుంటే మనం ఏం చేస్తాం?" అని అడిగి చూడండి. మా అమ్మ వెంటనే "వడియాలు ఎప్పుడు పెట్టుకోవాలిరా మరి?" అంది. ఆ ఒక్క మాటతో బ్రాడ్‌బరీ రాయని శుక్రగ్రహం ఇంకొంత నాకు కనిపించింది. రెండు గంటల ఎండలో ఊరు ఊరంతా డాబాల మీద చాపలు పరుస్తున్న దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

'నైట్‌ఫాల్' మాత్రం రాత్రి పూట, డాబా మీద, చిన్న లైటు పెట్టుకుని చదవండి. చివరి పేజీ అవ్వగానే ఆ లైటు ఆపండి. నేను ఇంకా సంపూర్ణ గ్రహణం చూడలేదు. 1995లో, 2009లో ఉత్తరాదిన వచ్చినవి ఉద్యోగం వల్ల తప్పిపోయాయి. 2034 మార్చి 20న జమ్మూ కశ్మీర్, లదాఖ్ మీదుగా ఇంకొకటి వెళ్తుంది. అప్పటికి నాకు అరవై ఆరు. ఆ ప్రయాణానికి ఇప్పటి నుంచే నెలకు కొంత పక్కన పెడుతున్నాను.